నలభై ఒకటో కవరు

నగాత్ మా ఆసుపత్రి మత్తు వైద్య విభాగానికి వచ్చిన ఉదయం నేను ప్రొఫెసర్ గది బయట బల్ల దగ్గర కూర్చుని, పత్రికకు పంపిన మా వ్యాసం మీద వచ్చిన ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. బయట సన్నగా వాన. ఆమె అంగీ అంచులు తడిసి ఉన్నాయి. గడ్డం కిందికి లాగేసినట్టు ఉండటంతో ఎదుటి మనిషిని చూడాలంటే నడుము వెనక్కి వంచి, కనుగుడ్లు పైకెత్తాలి. అలా నన్ను ఎగాదిగా చూసి, ఒక కాగితాన్ని నా ముఖం ముందు పెట్టింది.

"ఈ సంతకం మీదేనా డాక్టరమ్మా?"

నాదే. ఏడాది కిందటి డిశ్చార్జి కాగితం. మత్తు గురించి అందులో ఒకే వాక్యం ఉంది. దాన్ని పైకి చదవమంది. చదివాను: "మత్తు సాధారణం, ఇబ్బందులేవీ లేవు."

ఆమె పై పెదవిని వేలితో ఎత్తింది. ముందు పళ్ళలో ఒకటి అడ్డంగా విరిగిపోయి ఉంది.

"మరి ఇదేంటి?"

జవాబు నాకు తెలుసు. ఆమె ఎవరో గుర్తు చేసుకోవాల్సిన పని కూడా లేదు. ఆమె మా నలభై ఒకటో రోగి.

నా పేరు షాహీనాజ్. అప్పటికి మత్తు వైద్యంలో పదేళ్ళ అనుభవం ఉంది, డాక్టరేట్ థీసిస్ చివరి దశలో ఉంది. థీసిస్ విషయం లారింగోస్కోపులు. రోగికి మత్తు ఇచ్చాక ఊపిరి ఆగుతుంది కదా, గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వెయ్యాలి. నాలుకను పక్కకు నెట్టి దారి చూపించే పరికరమే లారింగోస్కోపు. మామూలు మనుషులకు ఏ పరికరమైనా ఒకటే. మెడ కాలి చర్మం ముడుచుకుపోయినవాళ్ళు, నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్ళు వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. అలాంటి తొంభై మందిని తీసుకుని మూడు రకాలను పోల్చాలన్నది మా పని. ఒకటి పాత ఉక్కు బ్లేడు. రెండోది అదే ఆకారంలో ఉండి కొసన కెమెరా ఉన్నది. మూడోది బాగా వంపు తిరిగిన కెమెరా బ్లేడు. ఎవరికి ఏది వాడాలో మేము ఎంచుకోకూడదు. అంటించిన కవర్లుంటాయి. రోగిని బల్ల మీద పడుకోబెట్టాక కవరు చించితే అందులో ఏది రాసి ఉంటే అది.

నగాత్‌ది దుమ్యాత్. ఆ ఊళ్ళో ఇంటింటా కుర్చీలూ మంచాలూ చేస్తారు. భర్త పోయాక ఆమె మరిది సబ్రీ వర్క్‌షాపులోనే కుర్చీలకు పాలిష్ పట్టేది. ఒకరోజు స్పిరిట్ డబ్బా అంటుకుని మెడా, ఛాతీ, ఎడమ చెయ్యీ కాలిపోయాయి. పుండు మానింది గాని మానుతూ మానుతూ గడ్డాన్ని ఛాతీకి కట్టేసింది. ఆ ముడత విప్పడానికి మా ఆసుపత్రిలో మొదటి ఆపరేషన్.

ఆ రోజు ఆమె మెడ చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నోరు మూడు వేళ్ళ మేర తెరుచుకుంటోంది, తల కొంచెమైనా వెనక్కి వెళుతోంది, కాబట్టి మా నిబంధనల ప్రకారం సరిపోతుంది. సరిపోవడం వేరు, సరైనది కావడం వేరు. కవరు చించాను. ఉక్కు బ్లేడు.

మా టెక్నీషియన్ షౌకీ బాబాయి కవరులోని మాట చూసి నా వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ థియేటర్లో ఉన్న మనిషి. విభాగంలో అందరికీ బాబాయే. ఉక్కు బ్లేడు తీసి అందించాడు.

మొదటి ప్రయత్నంలో నాకు నాలుక మొదలు తప్ప మరేదీ కనబడలేదు. బయటికి తీసి, మాస్కుతో ఊపిరి అందించాం. అది కూడా కష్టంగానే అందింది. అప్పుడు బాబాయి నాకొక్కదానికే వినబడేలా, "అమ్మాయీ, చాలు. వంపుది ఇస్తాను," అన్నాడు. ఉక్కు బ్లేడుతో రెండుసార్లు విఫలమైతేనే మార్చాలని మా పద్ధతిలో రాసి ఉంది. నేను "ఇంకోసారి చూస్తాను" అన్నాను. రెండోసారి బలం పెట్టి ఎత్తాను. పటుక్కుమని చప్పుడు వినబడింది. పెదవి చిట్లి నోరంతా రక్తం. ఆక్సిజన్ అంకె తొంభై నుంచి ఎనభైకి, అక్కణ్ణుంచి డెబ్భై ఒకటికి దిగింది. బాబాయి అడక్కుండానే వంపు బ్లేడు నా చేతిలో పెట్టాడు. ఇరవై రెండు సెకన్లలో గొట్టం లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా పరిశోధన ఫారంలో అక్షరం పొల్లు పోకుండా రాశాను. ఆసుపత్రి కాగితంలో మాత్రం ఎప్పుడూ రాసే వాక్యమే రాశాను. ఎందుకలా రాశావని ఎవరైనా అడిగి ఉంటే, అందరూ అలాగే రాస్తారు అని ఉండేదాన్ని.

మచ్చ మళ్ళీ ముడుచుకుపోవడంతో ఇప్పుడామెకు రెండో ఆపరేషన్ కావాలి. వాళ్ళ ఊళ్ళోనే చేస్తామన్నారట. అక్కడి మత్తు డాక్టరు రఊఫ్ ఆమె మెడ చూసి, కిందటిసారి గొట్టం ఎలా వేశారని అడిగాడు. ఈ కాగితం చూపించింది. ఆయన కాగితం చూసి, ఆమె పన్ను చూసి, ఇది నిజం కాదమ్మా, నిజం రాయించుకుని వస్తేనే మత్తు ఇస్తాను, లేకపోతే నా వల్ల కాదు అన్నాడట. అందుకని పొద్దున్నే మైక్రోబస్సు ఎక్కి వచ్చింది. ముందు రికార్డుల గదికి వెళితే ఇదే కాగితం నకలు చేతిలో పెట్టారట. ఇది నా దగ్గర ఉన్నదే కదయ్యా అంటే, మా దగ్గర ఉన్నది కూడా ఇదే అన్నారట.

ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోమని చెప్పి ప్రొఫెసర్ వగీహ్ గదిలోకి వెళ్ళాను. గొట్టం ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఆయనే. గొంతెత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. విషయమంతా విని, పరిశోధన ఫారాలు అంకెలతోనే ఉంటాయి, పేర్లతో ఉండవు, వాటిలోది తీసి రోగి చేతికి ఇవ్వడం కుదరదు అన్నారు. ఒకరికిస్తే తొంభై మందీ వస్తారన్నారు. వ్యాసం ఇంకా పత్రిక వాళ్ళ పరిశీలనలో ఉంది, ఇప్పుడు ఫిర్యాదొకటి వస్తే మొత్తం ఆగిపోతుంది, ముందు ఆగేది నీ థీసిసే అని కూడా గుర్తు చేశారు. పన్ను సంగతైతే దంత వైద్యం వాళ్ళకు చీటీ రాసిమ్మన్నారు.

ఆమెకు మళ్ళీ ఉక్కు బ్లేడుతో ప్రయత్నిస్తే ఈసారి ప్రాణం పోవచ్చని చెప్పాను.

"షాహీనాజ్, నువ్వు ఆవిడ డాక్టరువి. చుట్టానివి కాదు," అన్నారాయన మెల్లగా.

"ఆవిడ నోట్లో బ్లేడు పెట్టింది నేనే సార్."

"పెట్టమన్నది నేను. రాయొద్దంటున్నదీ నేనే. వెళ్ళు."

బయటికి వచ్చాను. ఒళ్ళంతా వేడెక్కిపోయింది. అయితే ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేక నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళలేకపోయాను. థియేటర్‌కు పోయి ఒక హెర్నియా కేసుకు మత్తిచ్చాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం ప్రార్థన కూడా అయిపోయింది. ఆమె బెంచీ మీదే ఉంది. బాబాయి ఆమెకు టీ ఇచ్చి, తల ఎత్తి తాగలేకపోతోందని ఎక్కణ్ణుంచో స్ట్రా కూడా తెచ్చి పెట్టాడు. చల్లారిన టీని ఆమె దాంతో పీలుస్తోంది. నన్ను చూడగానే బాబాయి లేచి అవతలికి వెళ్ళిపోయాడు. ఆమె ఆపరేషన్ జరిగిన రోజు నుంచీ ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు.

నేను ఆమె పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. కవర్లు, మూడు రకాలు, మొదటిసారి, రెండోసారి, రక్తం, అంకె, చివరికి వంపు బ్లేడు. అంతా విన్నాక ఆమె, తనను ఆ తొంభై మందిలో చేర్చడానికి ఎవరిని అడిగారని అడిగింది.

మరిది సబ్రీ సంతకం పెట్టాడని చెప్పాను. ఫారం వివరించి ఆయన చేత పెట్టించుకున్నామని, ఆమె అప్పుడు నొప్పితో ఉందని, ఇంటి మగవాళ్ళు పక్కనుంటే వాళ్ళ చేతే పెట్టించడం మా దగ్గర మామూలేనని చెప్పాను. చెబుతుంటేనే నాకు అసహ్యమనిపించింది.

"నాకు కామర్స్ డిప్లొమా ఉంది," అంది నగాత్. "మా సబ్రీకి తన పేరు రాయడం తప్ప ఇంకో అక్షరం రాదు. అది కూడా ఒక్కోసారి తప్పు రాస్తాడు. వాడి చేత నా గొంతుకి సంతకం పెట్టించుకున్నారా? నేను అక్కడే పడుకుని ఉన్నా కదా? కళ్ళు తెరుచుకునే ఉన్నా కదా?"

"తప్పే."

"తప్పని ఇప్పుడు తెలిసిందా, అప్పుడే తెలుసా?"

ఆమె నడుము వెనక్కి వాల్చి నా ముఖంలోకి చూసింది. అంతవరకూ 'మీరు' అంటున్న మనిషి అక్కడితో ఆపేసింది.

"సరే, మొదటిసారి నీకు తెలీదు. దారి కనపడుద్దేమో అనుకున్నావు. ఆ ముసలాయన చాలని చెప్పాడంట కదా, ఇందాక నాతో అన్నాడు. మరి రెండోసారి ఎందుకు పెట్టావు?"

"రెండుసార్లు చెయ్యాలని కాగితంలో ఉంది."

"కాగితంలో ఉందని," అంది ఆమె. మళ్ళీ అదే మాట ఇంకొంచెం నెమ్మదిగా అంది. తర్వాత ఒక చేత్తో బెంచీని గట్టిగా పట్టుకుంది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా అడ్డుకునేదాన్ని కాదు. "నేను కుర్చీ పాలిష్ పడతా. చెక్క పగులుద్దని తెలిస్తే యజమాని అరిచి చచ్చినా సరే, రెండో దెబ్బ కొట్టను. చెక్కని. నువ్వేమో మనిషి నోట్లో కొట్టావు."

నేను లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, ఆసుపత్రి పేరున్న కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఉక్కు బ్లేడుతో రెండు ప్రయత్నాలు, రెండూ విఫలం, స్వరతంత్రులు కనబడలేదు. పన్ను విరిగింది, పెదవి చిట్లింది, ఆక్సిజన్ డెబ్భై ఒకటికి పడింది. మాస్కుతో ఊపిరి అందించడం కష్టం. బాగా వంపున్న కెమెరా బ్లేడుతో మొదటి ప్రయత్నంలోనే కుదిరింది. ఇకమీదట ఈమెకు ఎప్పుడు మత్తిచ్చినా ఉక్కు బ్లేడు వాడవద్దు. పరిశోధనలో చేర్చడానికి రోగిని అడగలేదు. డిశ్చార్జి కాగితంలో నేను రాసిన వాక్యం నిజం కాదు. కింద పూర్తి సంతకం చేసి ముద్ర కొట్టాను.

ఆమె నిలబడే మొత్తం చదివింది. ఒకచోట వేలు పెట్టి, ఏ పన్నో రాయలేదని చెప్పింది. రాశాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని.

సాయంత్రానికల్లా ప్రొఫెసర్‌కు తెలిసిపోయింది. నేనే చెప్పాను. ఆయన అరవలేదు. వ్యాసంలో నా పేరు మొదటి స్థానం నుంచి చివరికి పోయింది. థీసిస్ చర్చ తేదీ మరుసటి ఏడాదికి వాయిదా పడింది. విభాగంలో కొందరు నన్ను చూడగానే మాట మార్చేవాళ్ళు. బాబాయి మాత్రం మర్నాడు పొద్దున, నేను అడక్కుండానే, పక్కనే కూర్చుని తన ఫూల్ గిన్నెలోంచి, ఆ ఉడికించిన చిక్కుడు గింజలు రొట్టెతో సగం నాకు పెట్టాడు.

పది రోజుల తర్వాత దుమ్యాత్ నుంచి డాక్టర్ రఊఫ్ ఫోన్ చేశాడు. నా ఉత్తరం చదివానని, తన ఆసుపత్రిలో కెమెరా పరికరం ఉందని, వంపు బ్లేడు కూడా దానితో పాటే వచ్చిందని, అయితే దాన్ని డబ్బాలోంచి ఎవరూ తీయలేదని చెప్పాడు. తెర మీద అంతా బాగా కనబడుతుంది గాని గొట్టం మూల తిరగదని విన్నానని, ఒకసారి వచ్చి దగ్గరుండి చూపించగలరా అని అడిగాడు. సెలవు పెట్టి వెళ్ళాను.

ఆపరేషన్ గదిలో నగాత్ బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే రఊఫ్ వైపు తిరిగి, "ఈమె ఎందుకొచ్చింది?" అంది.

రఊఫ్ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఉండనీ. అదిగో, ఆ గోడ దగ్గర నిలబడమను. నోటితో చెప్పమను. చేతులు మాత్రం నా మీద వెయ్యకూడదు. నాకు మత్తు వచ్చాక కూడా వెయ్యకూడదు. రాసి సంతకం పెట్టు డాక్టరూ, ఈసారి నేనే అడుగుతున్నా."

రఊఫ్ నిజంగానే రాసి సంతకం పెట్టాడు. ఆమె కూడా కింద సంతకం చేసింది. నేను గోడ దగ్గర నిలబడ్డాను. అవమానంగా ఉంది. అవమానపడాల్సిందే అని కూడా అనిపించింది.

సర్జన్‌ను ముందే పిలిచి ఉంచారు. గొట్టం వెళ్ళకపోతే వెంటనే మెడ మచ్చ కోసి తల వెనక్కి వంచడానికి ఆయన చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. చాలాసేపు ఆక్సిజన్ పీల్పించారు. గొట్టం లోపలి లోహపు ఊచను బ్లేడు ఎంత వంపు తిరిగిందో అంతే వంపు తిప్పమని చెప్పాను. బ్లేడును పక్క నుంచి కాదు, నాలుక నడిమధ్య నుంచే దించమన్నాను. రఊఫ్ చేతులు నా చేతులకన్నా నెమ్మది. తెర మీద ముందు ఎర్రగా ఏదీ తెలియలేదు, తర్వాత తెల్లటి స్వరతంత్రులు రెండూ కనబడ్డాయి. గొట్టం కొస తంత్రుల ముందుకొచ్చి ఆగిపోయింది. నా చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. వెనక్కి కట్టుకున్నాను.

"ఎత్తకండి. బ్లేడు కొద్దిగా వెనక్కి లాగండి. మరీ దగ్గరికెళ్ళారు. ఇప్పుడు ఊచ ఒక అంగుళం బయటికి తీసి తొయ్యండి."

వెళ్ళింది. ఆక్సిజన్ అంకె తొంభై ఎనిమిది దగ్గర కదలకుండా ఉంది. రఊఫ్ ఊపిరి వదిలాడు. నేను గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాను. నాకు సంతోషం రాలేదు. పట్టరాని కోపం వచ్చింది. ఇంత సులువుగా అయ్యే పని. ఆ రోజు కూడా ఇలాంటి బ్లేడే నాకు రెండడుగుల దూరంలో ట్రే మీద ఉంది.

ఆమె కోలుకుంది. మెడ కొంత నిటారుగా అయింది. తల ఎత్తగలిగిన మొదటి నెలలోనే మా ఆసుపత్రి మీద ఫిర్యాదు పెట్టింది. అందులో ప్రొఫెసర్ పేరూ ఉంది, నా పేరూ ఉంది.

విచారణకు ముగ్గురు పెద్ద డాక్టర్లు కూర్చున్నారు. నేను ఉత్తరంలో రాసిందే వాళ్ళ ముందు చెప్పాను. షౌకీ బాబాయిని కూడా పిలిచారు. ఆయన టోపీ చేతిలో పట్టుకుని, చాలని ఆ రోజే చెప్పానని, ఇంకా గట్టిగా చెప్పాల్సిందని అన్నాడు. ప్రొఫెసర్ వగీహ్ పద్ధతి ప్రకారమే అంతా జరిగిందన్నారు. అది అబద్ధం కాదు. నగాత్ వంతు వచ్చినప్పుడు ఆమె సబ్రీ సంతకం ఉన్న ఫారం అడిగి తెప్పించుకుని, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా పైకి చదివింది. "నాకు ఇందులోని విషయాలు వివరించబడ్డాయి, నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను" అన్నచోట ఆగి, ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసి, ఈ 'నేను' ఎవరో చెప్పమని అడిగింది. వాళ్ళలో పెద్దాయన నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

మూడు వారాలకు నిర్ణయం వచ్చింది. ఇకమీదట స్పృహలో ఉన్న రోగి తానే సంతకం పెట్టాలన్నారు. డిశ్చార్జి కాగితంలో తప్పు రాసినందుకు నాకు హెచ్చరిక. ఆమె పన్ను ఆసుపత్రే కట్టించాలి. ప్రొఫెసర్‌కు ఏమీ లేదు. ఆ వారమే మా వ్యాసం అచ్చయింది. వంపు బ్లేడు మేలని అందులో ఉంది, అది నిజమే. పట్టికలో నలభై ఒకటో రోగి 'ప్రయత్నాల సంఖ్య: మూడు' అన్న గడిలో ఉంది.

నిర్ణయం కాగితం తీసుకోవడానికి నగాత్ వచ్చినప్పుడు నేను కూడా అదే గదిలో నాది తీసుకుంటున్నాను. ఆమె తన కాగితం అక్కడే నిలబడి చదివింది. కొత్తగా నిటారైన మెడ మీద నరాలు ఉబ్బాయి.

"ఆయనకి ఏమీ లేదా?" అని గుమస్తాను అడిగింది. ఇందులో ఉన్నంతే అన్నాడతను.

ఆమె నా దగ్గరికి వచ్చింది. ఇది ఇక్కడితో వదలనని, డాక్టర్ల సంఘానికి రాస్తానని, అక్కడా కాకపోతే కోర్టుకు వెళతానని చెప్పింది. ఆ మాటలు నాకు సాయం అడుగుతున్నట్టు లేవు, బెదిరిస్తున్నట్టూ లేవు. సంచిలోంచి చిన్న నోటుపుస్తకం, పెన్ను తీసింది.

"నీ పూర్తి పేరు చెప్పు. తప్పు రాస్తే వెనక్కి పంపుతారంట."

చెప్పాను. నా పేరు, మా నాన్న పేరు, తాత పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ఆమె గోడకు పుస్తకం ఆనించి, ఒక్కో మాటా రాసుకుంటూ, తాత పేరు దగ్గర ఆగి మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.